గంగాళం లోపలి పేరు

సత్తయ్య బావగారికి, మీ బామ్మర్ది యాదగిరి నమస్కరించి వ్రాయునది.

మీరు వెళ్లిపోయి నేటికి పదకొండు నెలలు నిండాయి. ముందుగా ఒక క్షమాపణ. నా తెలుగు పేదది. పగలంతా మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచి, సాయంత్రం కోదాడ రాత్రి బడిలో కూర్చుని నేర్చుకున్న భాష ఇది. వ్యాకరణం సగం ఆవలింతల్లోనే పోయింది. తప్పులు కనిపిస్తే ఎప్పటిలాగే నవ్వి వదిలేయండి...

"ఏం ర డిగ్రీ బామ్మర్ది, నువ్వు మాట్లాడితే కోర్టుల దరఖాస్తు సదివినట్టుంటది" అనేవారు మీరు. ఇదీ అలాగే ఉంటుంది. మరో విధంగా రాయడం నాకు చేతకాదు.

శుభవార్తను చివరి దాకా దాచే అలవాటు నాకు లేదు. మీ దుకాణం వెనక గది ఖాళీ అయింది బావ. అందులోని ఒక్క గిన్నె కూడా కొలిమికి పోలేదు. అన్నీ ఇళ్లకే వెళ్లాయి. అయితే ఈ వార్తతో పాటు నేను చేసిన ఒక తప్పును కూడా ఒప్పుకోవలసి ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మీకు తెలిసిన సంగతులు కూడా కొన్ని రాస్తాను. విసుక్కోకండి. దీన్ని మీ తర్వాత మరొకరు చదవవలసి ఉంది.

సూర్యాపేటలోని మీ దుకాణానికి ఎవరైనా పాత ఇత్తడి తెస్తే, తూకం వేసి బదులుగా కొత్త స్టీలు సామాను ఇచ్చేవారు. పెళ్లి గిన్నెల మీద ఉలితో పేర్లు కొట్టేవారు. ఎవరి గిన్నె, ఏ ఊరు, ఎవరు పెట్టారు... అన్నీ చుక్కలు చుక్కలుగా. మార్పిడికి వచ్చిన ఇత్తడిని కోదాడ పాత సామాన్ల వ్యాపారి తీసుకుపోయి కరిగించేవాడు. పేరు ఉన్నవాటిని మాత్రం మీరు ఇచ్చేవారు కాదు.

"పేరున్నదాన్ని కొలిమిల ఎట్లేస్తం ర? మనిషి గీడ నిలవడ్డట్టే గద" అని వెనక గదిలో పెట్టేవారు.

ముప్పై ఏళ్లు పెట్టారు. బిందెలు, చెంబులు, కూజాలు, గంగాళాలు... చివరికి ఆ గది తలుపు సగమే తెరుచుకునేది. "మా ఇంట్ల మాకు జాగ లేదు గని, ఊర్లె ముసలోళ్లందరికి ఉన్నది" అని అక్క ఎన్ని సార్లు దెప్పింది? మీరు ఒక్కసారైనా జవాబు చెప్పారా?

మీరు పోయిన తర్వాత గది యజమాని దసరాలోపు ఖాళీ చేయమన్నాడు. కోదాడ వ్యాపారి కాంటా తెచ్చి దూలానికి వేలాడదీశాడు. మొత్తం ఒకే లారీలో ఎత్తుకుపోతానన్నాడు. అక్క కొంగుతో ఒక చెంబును తుడుస్తూ నిలబడింది.

అప్పుడు నేను అన్నాను. "దసరా దాకా ఆగండి. నేను వీటిని ఆన్‌లైన్ వేలంలో అమ్ముతాను."

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు బావ. ఆ కాంటా కొక్కేన్ని చూసి కావచ్చు. నా ఉద్యోగమే తూకం. కాంటా మీదికి ఎక్కిన తర్వాత ఏ వస్తువైనా బరువే, మరేమీ కాదని నాకు బాగా తెలుసు.

తెలిసి కూడా ఏం చేశానో వినండి.

ఎవరి పేరో ఉన్న బిందెను మరొకరు ఎందుకు కొంటారు? ఇది నా తర్కం. రాత్రి బడిలో తర్కశాస్త్రంలో నాకు మంచి మార్కులు వచ్చాయని మీకు తెలుసు. అందుచేత మొదటి విడతగా పదకొండు పాత్రలను ఆటోలో కోదాడ తీసుకుపోయి, పాలిష్ షెడ్డులో మిషన్ పట్టించాను. లోపలి కళాయి పాడవుతుందని బయటి వైపు మాత్రమే పట్టమన్నాను. అద్దాల్లా వచ్చాయి. నా ముఖం వాటిలో చూసుకుని సంతోషించాను కూడా.

మీరు కొట్టిన పేర్లు, మీ కంటే ముందు ఎవరెవరో కొట్టిన పేర్లు... పోయాయి. ఆ రోజు నాకు అది తప్పు అనిపించలేదు. అదే ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

తెల్ల దుప్పటి పరిచి ఫోటోలు తీశాను. "శ్రేష్ఠమైన ఇత్తడితో నిర్మితమైన, గృహోపయోగమునకు అనువైన జలపాత్ర" అని వివరం రాశాను. వేలం మొదలయ్యే ధరను గౌరవప్రదంగా పెట్టాను. ఏడు రోజుల గడువు.

ఏడు రోజులూ గడిచాయి. ఒక్కరు కూడా పాట పాడలేదు. ఒకాయన మాత్రం సందేశం పంపాడు. "కిలో ఎంత?" అని.

మిర్యాలగూడ నుంచి మీ బిడ్డ స్వప్న ఆ ఆదివారం వచ్చింది. రైస్ మిల్లు ఆఫీసులో పని చేస్తూ చేస్తూ దాని నోరు కూడా మిల్లులాగే తయారైంది. నా ఫోన్ తీసుకుని చూసి, "మామ, బిందెను పెండ్లిసూపులల్ల కూసోవెట్టినట్టు కూసోవెట్టినవ్. గింత ధర ముందే చెప్తే ఎవడస్తడు?" అంది.

నేను దానికి విలువ అనే విషయం గురించి వివరించబోయాను. అది వినలేదు. గదిలోకి వెళ్లి సొట్టలు పడిన ఒక కూజా తెచ్చింది. పాలిష్ పట్టనిది. దుకాణం మెట్ల మీద పొద్దుటి ఎండలో పెట్టి, పేరు కనిపించే వైపు నుంచి ఫోటో తీసింది. మొదటి ధర ఒక ప్లేటు భోజనం కంటే తక్కువ పెట్టింది.

"ఇది అగౌరవం" అన్నాను.

"నీ గౌరవాన్ని వేలం పెడ్తలేం మామ. కూజాను పెడ్తున్నం" అంది.

గంట గడవకముందే మొదటి పాట వచ్చింది బావ. మరునాటికి నాలుగు. గడువు ముగిసే ఆదివారం సాయంత్రం నాటికి ఇద్దరే మిగిలి ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయారు. అక్క నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూస్తూ, "ఆగిండా? ఇంకా పాడుతుండా?" అని అడుగుతూనే ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదలలేదు.

నాకు అప్పుడు మీరు గుర్తొచ్చారు. మన వాడలో వినాయకుడి లడ్డూ వేలం మీరే పాడించేవారు కదా. మైకు పక్కకు తిప్పి ఒకసారి నా చెవిలో చెప్పారు. "లడ్డు కోసం పాడరు ర వీళ్లు. పక్కోడు పాడిండని పాడుతరు. మొదటి మాట సిన్నగుండాలె, అప్పుడే అందరు నోరు తెరుస్తరు."

డిగ్రీ దాకా చదివాను. మీ చెవి మాటను మాత్రం మరిచిపోయాను. ఎందుకు మరిచిపోతాం బావ, మన ఇంట్లోనే ఉన్న తెలివిని?

ఆ కూజా పాత ఇత్తడి ధరకు ఎన్నో రెట్లు పలికింది. కొన్నాయన డబ్బు పంపుతూ ఒక ప్రశ్న కూడా పంపాడు. "కూజా మీద ఉన్న రంగమ్మగారు ఎవరండీ?"

నాకు తెలియదు. అక్కకు తెలుసు.

అన్నీ అక్కకు తెలుసు బావ. ముప్పై ఏళ్లు ఆ గదిని తిట్టిన మనిషికి అందులోని దాదాపు ప్రతి గిన్నె వెనక ఉన్న కథ తెలుసు. రాత్రి అన్నం తినేటప్పుడు మీరు చెప్పే ముచ్చట్లను వినడం లేదని మీరు అనుకున్నారు. ఒక్కటీ వదలకుండా విన్నది.

ఆ రోజు నుంచి అక్క చెబుతుంది, నేను రాస్తాను.

ఒక చిన్న చెంబు గురించి, "రాయి తమ్మీ. ఇది పెట్టింది పిల్ల మేనమామ. వట్టి పీనాసోడు. గందుకే గింత సిన్నది పెట్టిండు" అంది. నేను "మేనమామగారి పొదుపు స్వభావము వలన" అని రాస్తుంటే నా చేతి మీద కొట్టింది. "పొదుపు గాదు. పీనాసి. పీనాసనే రాయి."

రాశాను. ఆ నెలలో అందరికంటే ఎక్కువ మంది పాట పాడింది ఆ చెంబుకే. గెలిచిన ఆవిడ, మా మేనమామ కూడా అంతే, అని జవాబు పంపింది.

పంపడానికి మొదట పాత పేపర్లు చుట్టాం. సరిపోలేదు. స్వప్న మిల్లు నుంచి బస్తాడు ఊక తెచ్చింది. డబ్బాలో ఊక పోసి, నడుమ గిన్నె పెట్టి, మళ్లీ ఊక పోస్తే ఎంత దూరం వెళ్లినా సొట్ట పడదు. ఒకరు మాత్రం ఫ్యాను కింద డబ్బా విప్పారట. హాలంతా ఊకే. ఫిర్యాదు చేస్తారనుకుని క్షమాపణ పత్రం సిద్ధం చేసుకున్నాను. ఆయన రాసింది ఏమిటంటే, మా అమ్మ వచ్చి ఆ ఊక వాసన చూసి కూర్చుండిపోయింది, ఊడవనివ్వడం లేదు, అని.

ఇంత సంతోషం వస్తుందని నేను అనుకోలేదు బావ. డ్యూటీలో లారీ కాంటా మీద నిలబడి ఉండగానే ఫోన్ మోగేది. డ్రైవర్లు కూడా "సారూ, మీ బిందె ఎంత దాకా పోయింది?" అని అడిగేవారు. కోదాడ వ్యాపారికి ఈ సంగతి ఎలా తెలిసిందో, తనూ ఒక కూజాకు పాట పెట్టాడు. ఓడిపోయాడు. "గిన్నేండ్లు లారీలల్ల ఎత్తుకవోయిన. ఇయ్యాల ఒక్కటి దొరుకుతలేదు" అని అక్కకు ఫోన్ చేసి మొత్తుకున్నాడు. అక్క ఆ మాటను నాలుగిళ్లకు చెప్పుకుంది.

ఇక గంగాళం సంగతి.

నేను మిషన్ పట్టించిన పదకొండింటిలో అది ఒకటి. పట్టుకుని ఎత్తే కడియాల్లో ఒకటి ఇత్తడిది, ఇంకొకటి తర్వాత వేసిన ఇనుపది. అక్కకు ఊరు మాత్రమే గుర్తుంది, త్రిపురారం అని. ఆ మాట రాసి మళ్లీ వేలానికి పెట్టాం. రెండో రోజే సందేశం వచ్చింది. సరోజ గారని, త్రిపురారంలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన ఆవిడ.

"ఇనుప కడియం చూసి గుర్తుపట్టిన. ఇది మా నాయనమ్మ గంగాళమే. పుల్లమ్మ అని పేరు ఉంటది. ఈ ఫోటోల కనవడుతలేదు. ఇంకో పక్కది పెట్టుండ్రి."

ఇంకో పక్క ఏదీ లేదు బావ. చుట్టూ అద్దమే.

రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. నా భోజనం డబ్బాను చూస్తూ కూర్చున్నాను. నేను రాత్రి బడిలో చేరిన రోజు మీరు దాని మీద "యాదగిరి" అని కొట్టి, పక్కన బెత్తెడు చోటు వదిలేశారు. ఎందుకు అంటే, "ఖాళీ జాగ ఉంచిన. నువ్వు పాసైనకొద్ది కొడత" అన్నారు. పదో తరగతి కొట్టారు. ఇంటర్ కొట్టారు. నలభై ఒకటో ఏట బి.ఏ. కొట్టి, మిఠాయి మీరే కొన్నారు. నా పేరును అంత జాగ్రత్తగా కొట్టిన మనిషి దాచిన పేర్లను నేను మిషన్ కింద పెట్టాను. దీన్ని ఎవరికి చెప్పుకోవాలి?

అక్కకు చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గంగాళాన్ని పక్కకు పడుకోబెట్టింది. దాని ముందు కూర్చుని భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టింది. కళ్లు మూసుకుని, బియ్యంలో రాయి వెతికినట్టు, మెల్లగా వేళ్లు జరిపింది. చాలా సేపు.

"పేరు లోపట ఉన్నది తమ్మీ" అంది.

ఉలి మొన దిగిన ప్రతి చోటా రేకు లోపలి వైపు చిన్న బొడిపెలా లేస్తుంది. మిషన్ బయటి వైపునే తిన్నది. లోపల చుక్కలన్నీ అలాగే ఉన్నాయి. స్వప్న లోపల ఫోన్ పెట్టి ఫోటో తీసింది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. దాన్ని ఫోన్‌లోనే తిప్పితే... "త్రిపురారం పుల్లమ్మ".

మీ మాట ఒకటి ఉంది. "సొట్ట ఉంటే మొదలు నువ్వే సూపియ్యి ర. ఇగ మిగిలినదంత వాళ్లే నమ్ముతరు." నాకు అది ఇత్తడి గురించిన మాటగానే తెలుసు.

వివరం మార్చి రాశాను. మొదటి వాక్యమే ఇది. "ఈ గంగాళం మీది పేరును అమ్ముతున్న యాదగిరి, బి.ఏ., తెలివితక్కువతనంతో చెరిపించినాడు. పేరు లోపలి వైపు ఉన్నది. గెలిచిన వారికి బయట తిరిగి కొట్టి ఇవ్వగలడు." బి.ఏ. అన్న అక్షరాలను అటువంటి వాక్యంలో ఇరికించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? తీసేయమంది స్వప్న. తీయలేదు. మంచి పనికి పెట్టుకున్నవాడిని, తప్పుకు ఎందుకు తీసేయాలి?

అందరూ వెళ్లిపోతారనుకున్నాను. పాటలు పెరిగాయి.

చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు సరోజ గారు. ఇంకొకరి పేరు మాకు కనబడదు. ఆవిడ కొంచెం పెంచితే అతను ఇంకొంచెం. అక్కకు కోపం వచ్చింది. "గా రెండోడెవడు? అది ఆమె నాయనమ్మది గద, ఇడిసిపెట్టొచ్చు గద" అని ఫోన్‌నే తిట్టింది. ఆదివారం సాయంత్రం గడువు ముగిసింది. ఆ రెండోవాడే గెలిచాడు.

స్వప్న ఫోన్ బోర్లించి పెట్టింది.

కాసేపటికి అడ్రసు వచ్చింది. కొన్నది మునగాల దగ్గర హైవే మీద దాబా నడిపే ఆయన. పంపవలసింది త్రిపురారానికి, సరోజ గారి పేరు మీద. కింద ఒక మాట. "మా అక్కకు చెప్పకుండ్రి. ఆమెకే తెలియకుండ ఇద్దామని కొన్న. నడుమల ఎవరో ఒకటే పాడి సతాయించిండ్రు."

అక్క నవ్విన నవ్వు మీరు వినవలసింది బావ. మీరు పోయిన తర్వాత అంత నవ్వడం అదే మొదలు. "ఒక్క కడుపుల పుట్టినోళ్లు ఒకల మీద ఒకలు పాడుకున్నరు" అని గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ నవ్వి... తర్వాత, వాళ్లిద్దరూ పోటీ పడక ముందు ఎంత ఉందో అంతే తీసుకోమంది. నేను వేలం నియమాలు చెప్పబోయాను. "నీ నియమం నీ జేబుల పెట్టుకో. మీ బావైతే ఏం జేసేటోడు?" అంది.

జవాబు నాకు తెలుసు. అలాగే చేశాను.

మీ ఉలి, సుత్తి అక్క బియ్యం డబ్బా వెనక దాచి ఉంచింది. నాలుగు రోజులు పాత మూతల మీద నేర్చుకున్నాను. బొటనవేలు రెండు సార్లు వాచింది. తర్వాత గంగాళం. అక్క లోపల వేలు పెట్టి చుక్క ఎక్కడుందో చెబుతుంది. "ఇంకో గింజంత ఇటు... ఆఁ, గాడనే కొట్టు." నేను బయట నుంచి కొడతాను. పుల్లమ్మగారి పేరు మళ్లీ వచ్చింది. కొంచెం వంకరగా వచ్చింది. క్షమించండి.

మిర్యాలగూడ దాకా బస్సులో, అక్కడి నుంచి స్వప్నతో కలిసి ఆటోలో, నేనే స్వయంగా తీసుకువెళ్లాను. తమ్ముడు కూడా దాబా వదిలి వచ్చి ముందే వాకిట్లో దాక్కుని ఉన్నాడు. సరోజ గారు మొదట తమ్ముణ్ణి నాలుగు తిట్లు తిట్టారు. తర్వాత గంగాళం పక్కన కూర్చుని, బయటి పేరును చూడకుండానే, చెయ్యి లోపలికి పెట్టారు...

మిగిలిన పదింటి సంగతి కూడా చెప్పాలి. వాటిలో ఆరింటికి లోపల పేరు దొరికింది. మూడు మందమైనవి. లోపల ఏమీ లేదు కానీ అక్కకు పేర్లు గుర్తున్నాయి. వాటి మీద అక్క చెప్పినట్టే కొట్టాను. ఈ తొమ్మిదీ వెళ్లిపోయాయి.

దసరాకు ఆరు రోజుల ముందు గది తలుపు పూర్తిగా తెరుచుకుంది. అక్క ఊడ్చి ముగ్గు వేసింది.

ఆ రోజే ఒక విషయం గమనించాం. ఇన్ని గిన్నెల మీద ఇన్ని పేర్లు కొట్టారు. మీ పేరు ఒక్క దాని మీదా లేదు. అక్క లోపలికి వెళ్లి తన పెళ్లి బిందె తెచ్చింది. దాని మీద "అనసూయ" అని మీరే కొట్టారు. పక్కన బెత్తెడు చోటు ఖాళీగా ఉంది. ఎందుకు వదిలారని అక్క అడిగితే నవ్వేవారట. ఇప్పుడు అక్కడ "సత్తయ్య" అని ఉంది. ఇది వంకరగా రాలేదు.

ఇక పదకొండోది మిగిలింది. ఒక మధ్యరకం బిందె. మెడ దగ్గర చిన్న సొట్ట. లోపల చుక్కలు లేవు. అక్కకు గుర్తు లేదు. ఎన్ని సార్లు తడిమినా ఏమీ తెలియలేదు. దాన్ని అమ్మమని అడిగినవాళ్లు ఉన్నారు. నేను వేలానికి పెట్టలేదు, పెట్టను. ఈ ఒక్క మాట మీకు ఇస్తున్నాను.

ఇట్లు,
మీ బామ్మర్ది,
యాదగిరి, బి.ఏ.

దీన్ని చదవవలసిన వరుస: మొదట స్వప్న తన తల్లికి చదివి వినిపించాలి. "పీనాసి" అన్న చోట ఆగి నవ్వకూడదు. ఆ తర్వాత మడిచి, సొట్ట ఉన్న ఆ బిందెలో పెట్టి, అక్క ఇంటి ముందు గదిలో, వచ్చినవారి కంట పడేలా ఉంచాలి. దాన్ని చూసి "ఇది మా ఇంటిది" అని ఎవరైనా అంటే, తర్వాత చదవవలసింది వారే. చదివాక పేరు చెప్పండి. ఉలి పక్కనే ఉంటుంది.